గ్లెనిస్ ఆపమన్న ప్రతిచోటా

పొద్దున్నే లేవగానే మెర్వ్ చేసే మొదటి పని, కారు వెనక తగిలించి లాక్కెళ్ళే కారవాన్ చుట్టూ ఒక ప్రదక్షిణ. చక్రాలను కాలితో తన్ని చూస్తాడు, కొక్కెం కదిపి చూస్తాడు, ఎవరూ అడక్కపోయినా గాలి ఎటునుంచి వీస్తోందో ప్రకటిస్తాడు. ఉద్యోగమంతా అడిలైడ్‌లో సిటీ బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి ఈ కారవానే ఇల్లు చేసుకున్నాడు గానీ, ఎక్కడ మకాం వేసినా అతనికది బస్సు డిపోయే.

ఆవేళ మకాం స్ట్రీకీ బే అనే ఊరు దాటాక, సముద్రపు ఒడ్డున. అక్కడ కరెంటు లేదు కాబట్టి ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తోంది. కరెంటున్న చోట కరెంటు మీద, దారిలో ఉన్నప్పుడు కారు బ్యాటరీ మీద, ఇలాంటి చోట గ్యాస్ మీద, మూడింటికీ ఒకటే మీట. బయలుదేరేముందు గ్యాస్ ఆపి బ్యాటరీకి తిప్పాలి, ఆగాక మళ్ళీ మార్చాలి. చిన్నపిల్లలు కూడా చేసే పనే. ఆ ఇంట్లో ఈ మధ్య గొడవలన్నీ ఆ మీట దగ్గరే వస్తున్నాయి.

బయట మడతబల్ల దగ్గర భార్య గ్లెనిస్ గిన్నెలు కడుగుతుంటే కూతురు టెగన్ తుడుస్తోంది. టెగన్ బడిలో లెక్కలు చెప్తుంది. సెలవులకని వచ్చింది గానీ, అసలు పని వేరే. తనింటి పక్క వీధిలో ఒక చిన్న ఫ్లాట్ చూసిపెట్టింది. కారవాన్ అమ్మించి, అమ్మానాన్నల్ని అందులో దింపాలి.

"అమ్మా, నేను ఊరికే అనట్లేదు. పోయిన నెల ఆ రొయ్యలు తిని నాన్న చావు తప్పి బయటపడ్డాడు."

"మరీ చావేం కాదులే. రెండ్రోజులు తిండి తగ్గింది, పొట్ట కూడా తగ్గింది," అంది గ్లెనిస్.

"నవ్వకు. ఆగిన చోట ఫ్రిజ్ బ్యాటరీ మీదే వదిలేశావు. ఇంజను ఆగితే ఫ్రిజ్ కూడా ఆగుతుందని నీకు తెలీదా?"

"తెలుసు. మర్చిపోయాను," అంది గ్లెనిస్, నురగ కడుగుతూ.

అంతలో మెర్వ్ కారవాన్‌లోంచి చేతులు దులుపుకుంటూ దిగాడు. "ఫ్రిజ్ పని అయింది! మెట్టు మడిచేస్తున్నా! మహారాణి గారు ఆ గిన్నెలు పాలిష్ పెట్టడం ముగిస్తే బయలుదేరదాం. బస్సు టైముకి కదలాలి!"

"ఎవడెక్కుతాడో నీ బస్సు!" అంది గ్లెనిస్.

టెగన్ కారు వెనక సీట్లో కూర్చుంది. మెర్వ్ పాత పాటలేవో గొంతు చించుకుని పాడుతున్నాడు, పదాలు తప్పినచోట ఈల వేస్తున్నాడు. రోడ్డుకి రెండువైపులా గోధుమ కోసేసిన చేలు. ఇలా చూస్తే నాన్నకి వయసే రాలేదనిపించింది టెగన్‌కి. పాపం, అమ్మకే వచ్చేసింది.

దూరంగా పెట్రోల్ బంకు బోర్డు కనబడగానే గ్లెనిస్ నిటారుగా కూర్చుంది.

"మెర్వ్, ఆపు."

"మళ్ళీనా! అదిగో బంకు, అక్కడ టాయిలెట్ ఉంది కదే."

"అంతదాకా ఆగలేను. ఆపు."

"చూశావా అమ్మాయ్," అన్నాడు మెర్వ్ బండి పక్కకి తీస్తూ, "మీ అమ్మ ఈ దేశంలో తడపని రోడ్డు లేదు. బంకు కనబడితే చాలు, ఆవిడకి వచ్చేస్తుంది. మొన్న క్యాంపులో అందరికీ ఇదే చెప్పి నవ్వించాను."

గ్లెనిస్ కూడా నవ్వి, గబగబా దిగి, కారవాన్‌లో ఉన్న టాయిలెట్‌కని వెళ్ళింది. మంచినీళ్ళ సీసా కోసం టెగన్ వెనకే వెళ్ళింది.

గ్లెనిస్ టాయిలెట్లో లేదు. ఫ్రిజ్ ముందు మోకాళ్ళమీద కూర్చుని మీట తిప్పుతోంది. మీట పక్కనున్న చిన్న గాజు బిళ్ళలో నీలం మంట ఒకసారి ఊగి ఆరిపోయింది.

టెగన్ గబుక్కున వంగి చూసింది. "గ్యాస్ వెలుగుతూనే ఉందా? ఇంతసేపూ? ఆ మంటతో పెట్రోల్ బంకులోకి వెళ్ళబోయామా!"

"ఆర్పేశాగా. మర్చిపోయాను."

"మర్చిపోయానంటే సరిపోతుందా? ఇక నీ మాట వినను. ఈ వారమే ఆ ఫ్లాటుకి..." అంటూనే ఆగిపోయింది టెగన్. పొద్దుట అమ్మ చేతులు సబ్బునీళ్ళలో ఉన్నాయి. లోపల్నుంచి చేతులు దులుపుకుంటూ దిగింది నాన్న.

"అమ్మా. పొద్దున ఈ మీట చూసింది నువ్వు కాదు."

గ్లెనిస్ మెల్లగా లేచి పరుపు అంచున కూర్చుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"చలికాలం నుంచి. అయిందంటాడు, అయిందనే నమ్ముతాడు. ఒక్కోసారి నిజంగానే అవుతుంది కూడా. ఏ రోజు అవుతుందో తెలీదు, అందుకని ప్రతి బంకు ముందూ దిగి చూసుకుంటాను."

"అయితే ఆ టాయిలెట్ గోలంతా..."

"నా ఆరోగ్యం భేషుగ్గా ఉందే తల్లీ," అని నవ్వబోయి ఏడ్చేసింది గ్లెనిస్. "ఊరందరినీ మోసిన మనిషి మీ నాన్న. మర్చిపోతున్నాడని బయటికి తెలిస్తే ముందు లైసెన్సు పోతుంది, ఆ తర్వాత ఈ ఇల్లు పోతుంది. నేను మతిమరుపుదాన్నైతే ఏం పోతుంది చెప్పు?"

తల్లిని పట్టుకుని ఏడవాలనిపించింది టెగన్‌కి. అంతకంటే ముందు కోపం వచ్చింది. "మీట సంగతి సరే. స్టీరింగ్ సంగతేంటి? ఇంత బరువు లాక్కుంటూ పోతున్నాడు. ఎదురుగా వచ్చేవాళ్ళకీ పిల్లలుంటారమ్మా."

"రోడ్డు మీద బాగానే ఉంటాడు. నేను పక్కనే చూస్తూ ఉంటాను."

"చూస్తూ ఉంటే బ్రేకు పడుతుందా?"

గ్లెనిస్ రాత్రిళ్ళు తనకు తాను వేసుకుంటున్న ప్రశ్నే అది.

తలుపు దగ్గర మెర్వ్ నిలబడి ఉన్నాడు. ఆలస్యమవుతోందని కేకలేయడానికి వచ్చినవాడు, ఎప్పుడొచ్చాడో, చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"రొయ్యలు కూడా నేనేనా?" అన్నాడు.

టెగన్ తల్లి వైపు చూసింది.

"గ్లెన్, అడుగుతున్నాను. రొయ్యలు కూడా నేనేనా?"

"నువ్వే," అంది గ్లెనిస్.

మెర్వ్ గుమ్మంలోనే కూలబడ్డాడు. అంత పెద్ద మనిషి ఒక్కసారిగా చిక్కిపోయినట్టు కనబడ్డాడు. "మరి అంతమంది ముందు నిన్ను వెక్కిరించానే. మతిలేనిదనీ, రోడ్లు తడిపేదనీ... నువ్వూ నవ్వావే!"

"బాగా చెప్తావు కదా, నవ్వొచ్చింది."

అతను లోపలికి జరిగి, భార్య ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. "నాకూ అనుమానంగానే ఉంది. నీతో చెప్తే నిజమైపోతుందని భయపడ్డాను," అన్నాడు. గ్లెనిస్ అతని పల్చని జుట్టు నిమురుతూ ఉండిపోయింది. టెగన్ కూడా కిందే కూర్చుని, నాన్న చెయ్యి తీసుకుని చెంపకి ఆనించుకుంది.

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా. నేను మీతోనే వస్తాను. ఫ్లాటు సంగతి ఇప్పుడు వద్దు."

మెర్వ్ ముక్కు తుడుచుకుని లేచాడు. కారు దగ్గరికి నడిచాడు, డ్రైవరు తలుపు తీశాడు, ఎక్కలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడి, "ఎక్కు," అన్నాడు గ్లెనిస్‌తో.

"నీకు పిచ్చా? ఉత్త కారంటే నడుపుతాను గానీ, ఇంత తోక తగిలించుకుని నేనెప్పుడు నడిపాను!"

"నాతో బస్సు నేర్చుకున్న కుర్రాళ్ళందరూ మొదటిరోజు ఇలాగే అన్నారు. ఎక్కవే. మలుపు వెడల్పుగా తిప్పు, బ్రేకు ముందుగా వెయ్యి. మిగతాది నేను చెప్తాను."

బంకు దాటాక గ్లెనిస్ నత్తనడకన పోతోంది. స్టీరింగ్‌ను రెండు చేతులతో పీక పట్టుకున్నట్టు పట్టుకుంది. వెనక గోధుమల లారీ ఒకటి వచ్చి అంటుకుంది, దాని వెనక కార్లు బారు తీరాయి. "తిట్టుకుంటున్నారు మెర్వ్, నువ్వు తీసుకో," అంది భయంగా.

మెర్వ్ లారీవాళ్ళతో మాట్లాడే రేడియో అందుకున్నాడు. "వెనక లారీ తమ్ముడూ, ముందు కారవాన్ మాది. కాస్త నెమ్మదిగా వెళ్తున్నాం, ఏమనుకోకు. ఇవాళ్టి నుంచి మా ఆవిడే డ్రైవరు."

రేడియో కాసేపు గరగరలాడింది. "పర్లేదు పెద్దాయనా, మెల్లిగానే పోనివ్వమను," అంది ఒక కుర్ర గొంతు. "మరి నువ్వేం చేస్తుంటావు?"

మెర్వ్ పక్కకి తిరిగి గ్లెనిస్‌ను చూశాడు. ఆమెకి కళ్ళు నిండిపోయాయి, తుడుచుకుందామంటే స్టీరింగ్ వదలడానికి భయం. వెనకనుంచి టెగన్ చెయ్యి చాపి తుడిచింది.

"నేనా?" అన్నాడు మెర్వ్ రేడియోలో. "నేను ప్యాసింజర్ని. ఈవిడ ఎక్కడ దింపితే అక్కడ దిగుతాను."