బూడిదరంగు బోర్డు మీద పసుపు ముక్క

ఉదయం పదకొండున్నరకి, రైల్వే స్టేషన్ మూడో ప్లాట్‌ఫారం మీద, మూడొందల మంది కళ్లముందే ఏజెంట్ నైన్‌ని చంపేశారు. కత్తి లేదు, పిస్టల్ లేదు. ఫౌంటెన్ పెన్ను పాళీ చివర విషపు సూది. హంతకుడు గుంపులోకొచ్చి, ఎవరినీ వెతక్కుండా తిన్నగా అతని దగ్గరికే నడిచి, పొడిచి, మళ్లీ గుంపులో కలిసిపోయాడు.

మధ్యాహ్నానికల్లా చీఫ్ ఆ తప్పును కత్తెర మీదికి తోసేశాడు.

కత్తెర సీక్రెట్ సర్వీసులో వేషాల డిజైనర్. ఏజెంటు ఎవరిలా మారాలో ఆమె మాటల్లో చెప్పదు. ‘మామూలు గుమాస్తా’ అంటే పదిమంది పదిరకాల గుమాస్తాలను ఊహించుకుంటారు. అందుకని గుడ్డముక్కలు, ఫొటోలు, రంగు చీటీలు, అరిగిన గుండీలు ఒక అట్టమీద గుండుసూదులతో గుచ్చి మూడ్ బోర్డు తయారుచేస్తుంది. దాని ముందు కాసేపు కూర్చుంటే ఏజెంటు నడకే మారిపోతుంది.

“నీ అతుకులబొంత వల్ల మనిషి పోయాడు,” అన్నాడు చీఫ్.

కత్తెరకి ఒళ్లు మండిపోయింది. జవాబివ్వకుండా నైన్ బోర్డు తెప్పించి బల్లమీద నిలబెట్టింది. అంతా బూడిదరంగు, తడిసిన సిమెంటు రంగు, మాసిన తెలుపు. కుడిమూల మాత్రం పసుపు సిల్కు ముక్క. శవం కోటు జేబులో దొరికిందీ అలాంటి పసుపు రుమాలే.

ఆమె అరచేత్తో పసుపును మూసింది. “ఈ మనిషి మీ ఎదురుగా కూర్చుని వెళ్తే మీకు గుర్తుంటాడా సార్?”

“ఉండడు.”

చెయ్యి తీసింది. “ఇప్పుడో?”

చీఫ్ చూపు పసుపు ముక్క మీదే ఆగిపోయింది.

“నేను సూదితో గుచ్చుతాను. దీన్ని జిగురుతో అంటించారు. నా చేతిలోంచి నైన్ చేతికి వెళ్లేలోగా బోర్డు ఒక్కరి దగ్గరే ఆగింది.”

ఆ ఒక్కరు, ఏజెంట్లకి పని వివరించి పంపే బ్రీఫింగ్ ఆఫీసర్. ముఖమల్ కోటు, ఖరీదైన సెంటు. చీఫ్‌తో సహా సగం ఆఫీసు ఆ ముఖమల్ మేడమ్ అంటే పడిచస్తుంది.

“సాక్ష్యం ఏదీ?” చీఫ్ గొంతు తగ్గింది.

“సాయంత్రానికి ఇస్తాను.”

మర్నాడు రెండింటికి ఓడల టెర్మినల్‌లో ఏజెంట్ ఎలెవెన్ కోడ్ బుక్ అందుకోవాలి. కత్తెర అతనికి బోర్డు చేసి, ఎప్పట్లాగే ముఖమల్ మేడమ్ ద్వారా పంపింది. దాని మధ్యలో కుట్టిన నల్లగుండీ నిజానికి కెమెరా. సాయంత్రం ఎలెవెన్ దగ్గర్నుంచి బోర్డు తెప్పించి ఫిల్మ్ కడిగితే, పసుపు ముక్కకి జిగురు రాస్తున్న ముఖమల్ మేడమ్ కనిపించింది.

చీఫ్ ఫోన్ అందుకున్నాడు. “ఇప్పుడే అరెస్టు చేయిస్తా.”

“చేస్తే హంతకుడు జారిపోతాడు. వాడికి మనవాళ్లెవరి మొహాలూ తెలీవు, మేడమ్‌దైనా సరే. పసుపొక్కటే తెలుసు. మేడమ్‌నే రేపు టెర్మినల్‌కి పంపండి, పర్యవేక్షణ అని చెప్పి.”

మర్నాడు కత్తెర ఎలెవెన్‌ని ఆఫీసులోనే ఆపేసి, తను నేల తుడిచే మనిషి వేషంలో టెర్మినల్‌కి వెళ్లింది. రెండింటికి రెండు నిముషాలుందనగా, బకెట్‌తో ముఖమల్ మేడమ్‌కి తగిలింది.

“కళ్లు కనపడవా?”

“తప్పయిపోయిందమ్మా, తుడిచేస్తాను.”

తుడిచి తప్పుకునేసరికి ముఖమల్ కోటు పైజేబులో పసుపు రుమాలు ఉంది.  

బెంచీ మీంచి టోపీవాడొకడు లేచాడు. పెన్ను మూత తీస్తూ నడిచాడు. వాడి చూపు తన జేబు మీదే ఉందని గమనించి ముఖమల్ మేడమ్ తలవంచి చూసుకుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. వెనక గోడ. ముందు వాడు. పాళీ గుండెకి అంగుళం దూరంలోకి వచ్చింది.

“రేవు మూసేశారు,” అంది గబగబా. అది హంతకుణ్ణి పంపిన విదేశీ ముఠా కోడ్ వర్డ్. “ఆగు, నేను మీదాన్నే.”

చెయ్యి ఆగిపోయింది. పక్కనే మూటలు మోస్తున్న కూలీలు, అంటే చీఫ్ మనుషులు, ఆ చేతిని వెనక్కి విరిచారు. ఇంకొకరు ముఖమల్ మేడమ్‌కి బేడీలు వేశారు.

కత్తెర ఆమె ముందుకొచ్చి నిలబడింది. “నీకు నోరు తెరిచే టైమైనా దొరికింది. నైన్‌కి అదీ దొరకలేదు.”

సాయంత్రం చీఫ్ ఆమెను పిలిచి మెచ్చుకోబోయాడు. కత్తెర మధ్యలోనే అడ్డుకుంది.

“అవన్నీ తర్వాత సార్. అజాగ్రత్త వల్ల పోయాడని నైన్ వాళ్లమ్మకి టెలిగ్రామ్ ఇప్పించారు. అది అబద్ధమని మీరే వెళ్లి చెప్పండి.”

“నేనా? ఏమని చెప్పను?”

“దానికి నేను బోర్డు చేసివ్వను.”

చీఫ్ వెళ్లాడు. ముప్ఫైయేళ్ల సర్వీసులో, ఏ వేషమూ లేకుండా ఒకరింటి తలుపు తట్టడం ఆయనకి అదే మొదటిసారి.