చివరి తెరచాప వచ్చేదాకా

మా మామగారు రామచంద్రగారితో వేగడం నా వల్ల కాలేదు. తాస్మేనియా పక్కన ఓ చిన్న దీవిలో పాతకాలపు చెక్క పడవల పందేలు చూడటానికి, ఒకే చొక్కాను నాచేత మూడుసార్లు ఇస్త్రీ చేయించారు. పడవలేమైనా ఆయన కాలరు చూస్తాయా?

చూడవలసిన మనిషి వేరే ఉన్నారని నాకు తెలుసు.

కిందటేడు, తొంభైతొమ్మిది జనవరిలో, అదే రేవులో తగాదా మొదలైంది.

"ఆ ఎర్ర తెరచాపదే గెలుపు," అన్నారు మామగారు, నర్సాపురంలో పుట్టిన ధీమాతో.

"తాడు బిగించలేదు అన్నయ్యగారూ. గాలంతా పక్కనుంచి పోతోంది," అన్నారు పక్కనున్నావిడ. పేరు రత్నకుమారి. కాకినాడ మనిషి. భర్త పోయారు. ఇండియా నుంచి, క్వేకర్స్ హిల్ అనే పేటలో ఉన్న కూతురింటికి వచ్చారట.

ఎర్ర తెరచాప ఆఖరున వచ్చింది.

"ఓడినందుకు ఐస్‌క్రీమ్ ఎవరు కొంటున్నారో?" అన్నారావిడ, సముద్రాన్ని అడిగినట్టు.

మర్నాడు చినుకుల్లో ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి పడవలు చూశారు. ఆవిడ నోట "అన్నయ్యగారూ" మాయమైంది. "ఏమండీ, భుజం తడుస్తోంది," అన్నారు. అత్తగారు పోయిన రెండేళ్లకు మామగారి నవ్వు విన్నాను. మా ఆయన ఈశ్వరప్రసాద్ మాత్రం మొహం అటు తిప్పుకున్నారు.

వచ్చేముందు మామగారు మా క్లేటన్ ఇంటి ఫోన్ నంబరు రాసిచ్చారు. ఆవిడది అడగలేదు.

"అదేంటి మామయ్యగారూ?"

"ఆడమనిషిని నంబరు అడగడం మర్యాదా అమ్మా? ఆవిడే చేస్తారు. ఏమైనా, వచ్చే ఏడు పందేలకు వస్తానన్నారు."

ఏడాదంతా ఫోన్ మోగినప్పుడల్లా పరుగెత్తారు. ఆవిడది కాదు.

ఈ జనవరిలో మళ్లీ వెళ్లాం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వై టూ కే భయంతో వేసిన డ్యూటీల వల్ల, మా ఆయన ఎర్రబడ్డ కళ్లతోనే వచ్చారు.

"ప్రపంచం ఆగిపోతుందన్నారు. మీ ఆఫీసులో ప్రింటరైనా ఆగలేదు," అన్నాను. నవ్వలేదు.

బ్యాండు వాయించారు. దుంగలు నరికే పోటీ అయింది. జనాన్ని దీవికి తెచ్చే ప్రతి ఫెర్రీకీ మామగారు లేచి నిలబడ్డారు.

"నాలుగింటిది కూడా ఉందట కదమ్మా?"

"ఉంది మామయ్యగారూ."

అదీ వచ్చింది. దిగినవాళ్లలో చీర కట్టిన మనిషి లేరు. చివరి పడవ కూడా రేవు చేరి, తెరచాప దించుకుంది.

"నేనే ఏదో తప్పుగా మాట్లాడి ఉంటాను," అన్నారు మామగారు. "లేకపోతే ఒక్క ఫోనైనా చేసేవారు."

మా ఆయన చేతిలోని టీ కప్పు కింద పెట్టారు.

"చేశారు నాన్నా. మూడుసార్లు. నీ కోడలు నిన్ను లైబ్రరీకి తీసుకెళ్లినప్పుడు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న నేనే ఎత్తాను. మొదటిసారి నిద్రపోతున్నావన్నాను. తర్వాత ఊళ్లో లేవన్నాను. మూడోసారి... ఇండియా వెళ్లిపోయావు, ఇక రావన్నాను."

మామగారు కొడుకు వైపు తిరిగారు. "ఆవిడేమన్నారు?"

"ఎండల్లో తిరగొద్దని చెప్పమన్నారు. తనూ ఇండియా వెళ్లిపోతున్నానన్నారు. నంబరు అడగలేదు నేను."

"ఎందుకురా?"

"అమ్మ చోట ఇంకొకరిని చూడలేననుకున్నాను. నీ గురించి ఆలోచించలేదు. తప్పు నాది నాన్నా. నీది కాదు, ఆవిడది కాదు. నాదే."