పలకల ఐసు

నరసన్నపేట శివార్లలో మిరప నర్సరీ. డాక్టర్ అనంతపద్మనాభం శవం తన యంత్రాన్ని వాటేసుకునే ఉంది. వీపులో మూడు తూటాలు. యంత్రానికి గీత కూడా పడలేదు. మొండి మనిషి, చచ్చి సాధించాడు!

ఏజెంట్ ప్రద్యుమ్న చెవిలో చీఫ్ గొంతు పలికింది.

"అది కోల్డ్ ప్లాస్మా యూనిట్. పైపులో పారే నీళ్లలోని మొక్కల వైరస్‌ని చంపేస్తుంది. విదేశీ ముఠా నర్సరీ నీళ్ల ట్యాంకులో ఆ వైరస్ కలపబోతోంది. పదింటికి టైమర్ మీద మోటార్ ఆన్. నలభై లక్షల నారుమొక్కలు ఆ నీళ్లే తాగుతాయి."

"మోటార్ ఆపేస్తే?"

"వాళ్లు జారుకుంటారు. నాకు ఆ మనుషులు దొరకాలి. విశాలి ఆ ముఠాలో చేరిన మన ఏజెంట్. ఆమె చెప్పినట్టు చెయ్."

పక్కనే ఉన్న విశాలి నల్ల కళ్లద్దాలు సవరించుకుంది. "తొమ్మిదిన్నరకి నీళ్ల ట్యాంకర్. వైరస్ అందులోనే."

ప్రద్యుమ్న వాచ్‌మన్ వేషంలో గేటు దగ్గర కాపు కాశాడు. తొమ్మిదీ యాభై. ట్యాంకర్ జాడ లేదు. కూలీల కూరకని ఒక చేపల వ్యాన్ మాత్రం లోపలికి పోయింది.

గేటు పక్కన చేపలమ్మే లక్ష్మణమ్మ ముక్కు విరిచింది. "ఆడు సేపలోడు కాడు బాబూ. ఐసు పలకలు పలకలుగా ఉన్నాది. నలగ్గొట్టకుండా సేపలమీద ఎవులేత్తారు? సితికిపోవా?"

ఓరి దేవుడో! వైరస్ ఐసులో ఉంది. ప్రద్యుమ్న పరుగెత్తాడు.

డ్రైవర్ ధనరాజ్ చివరి పలక ట్యాంకులోకి తోసేశాడు. మోటార్ ఆపే స్విచ్ అప్పటికే నుజ్జు, టైమర్ మాత్రం నడుస్తోంది. ఐసు కొక్కెం గాల్లో లేచి ప్రద్యుమ్న భుజంలో దిగింది. ప్రద్యుమ్న దాన్ని పెరికి, అదే కొక్కెంతో ధనరాజ్ దవడ పగలగొట్టాడు. పళ్లు సిమెంటు మీద రాలాయి.

వెనక క్లిక్ మంది. విశాలి. ఒక చేతిలో ప్లాస్మా యూనిట్ నుంచి కోసిన కేబుల్, మరో చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్.

"ట్యాంకర్ కోసం ఇంకాసేపు చూడాల్సింది, డియర్."

వెనకే పరుగెత్తుకొచ్చిన లక్ష్మణమ్మ విసిరిన కత్తిపీట గిరగిర తిరుగుతూ వచ్చి విశాలి పిస్టల్ చేతిని కోసేసింది. పిస్టల్, రెండు వేళ్లు కలిసే కిందపడ్డాయి.

"మా అల్లుడి నారు కూడా ఇక్కడిదేనే, దొంగముండా!"

మోటార్ గుర్రుమంది. పది! ప్రద్యుమ్న తెగిన కేబుల్ తీగలు పళ్లతో ఒలిచి, మెలిపెట్టి, యూనిట్ స్విచ్ నొక్కాడు. పైపు గాజుకిటికీలో ఊదారంగు వెలిగింది. మొదటి చుక్క ఆ వెలుగు దాటాకే నారులోకి జారింది. ఆ మొండి డాక్టరు బతికుంటే గంతులేసేవాడు.

లక్ష్మణమ్మ తన తట్టలోని ఐసు తీసి, నలగ్గొట్టి, అతని భుజానికి గుడ్డతో కట్టింది. "సూసినావా? ఐసంటే ఇలాగుండాల."

"రిపోర్ట్!" చీఫ్ అరిచాడు.

"వైరస్ చచ్చింది సార్. ముఠా దొరికింది. నాకో వారం సెలవు, రెండు సబ్బులు కావాలి. కొరమేను కంపు కొడుతున్నాను."