మూతపడ్డ చెవి పరీక్ష గది

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో, వరండా చివర ఒక గది ఉంది. చీకటి పడితే అటువైపు ఎవరూ వెళ్ళరు. గోడలకి మందపాటి మెత్తలు, తలుపు జానెడు మందం. లోపల అరిచినా బయటికి రాదు... బయట ఉరిమినా లోపలికి పోదు. ఒకప్పుడు పిల్లల చెవులు పరీక్ష చేసిన గది అది. పై అంతస్తులో కొత్తది కట్టాక దానికి కరెంటు కూడా తీసేశారు.

అయినా రాత్రిపూట అందులోంచి ఎవరో పిలుస్తారట.

"చెవి పరీక్షలు చేసిన పాత మేడమే," అంది రాత్రి డ్యూటీ ఆయమ్మ, బెంచీ మీదున్న అక్కచెల్లెళ్ళతో గొంతు తగ్గించి. "ఇరవై ఏళ్ళు ఆ గదిలోనే చేసింది. బతికుండగా ఒక్క రోజు సెలవు పెట్టలేదు... పోయాక మాత్రం పెడుతుందా?"

"పాపం, దెయ్యానికి కూడా నైట్ డ్యూటీయేనా?" అని అక్క నవ్వి, బెంచీ మీద అటు తిరిగి పడుకుంది.

చెల్లెలు నవ్వలేదు. ఆమె ఒళ్ళో ఏడాదిన్నర పాప... చెమ్మ తగిలిన పువ్వులాంటి కళ్ళు విప్పుకుని మేలుకునే ఉంది. చెవులకి వినికిడి మిషన్లు పెట్టి ఆర్నెల్లయింది. తెల్లారితే ఆఖరి పరీక్ష. రేపు కూడా ఏ శబ్దానికీ తిరగకపోతే, ఈ చెవుల్లో ఇంక ఏమీ మిగల్లేదని రాసేస్తారు.

మొదటి పరీక్షలో పాప తిరిగింది. అదే ఆమె గుండెల్లో ముల్లు.

పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోమన్నారు. ఒక పక్కనుంచి శబ్దం వస్తుంది. పిల్ల అటు తిరిగితే, ఆ పక్కనున్న నల్ల డబ్బాలో దీపం వెలిగి బొమ్మ గంతులేస్తుంది. తిరిగినకొద్దీ శబ్దం తగ్గిస్తూ పోతారు, ఎంత మెల్లటిది వినగలదో చూడ్డానికి. ఆ రోజు పాప ప్రతిసారీ తిరిగింది. ఇంటికెళ్ళి వీధి వీధంతా చెప్పుకుంది తల్లి.

రెండోసారి పరీక్ష చేసినతను మాత్రం ఆమె చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టాడు, ఆమెకేమీ వినపడకుండా. అంతే... పాప ఒక్కసారి కూడా తిరగలేదు.

"శబ్దం ఎటు వస్తే అటు పక్క మీ మోకాలు మీకు తెలియకుండానే అదిరి ఉంటుందమ్మా, అప్పుడు," అన్నాడతను నెమ్మదిగా. "పాప ఆ అదురుకి తిరిగి ఉంటుంది."

తన మోకాళ్ళే తన నోట మన్ను కొట్టాయి.

అక్క గురక మొదలైంది. ఆయమ్మ వేరే వార్డుకి వెళ్ళింది. చెల్లెలి మనసులో ఒక పిచ్చి ఆలోచన... మనుషుల గొంతు వినని చెవులు, దెయ్యం గొంతైనా వింటాయేమో.

పాప చెవుల్లో మిషన్లు సరిచేసి, పిల్లని భుజాన వేసుకుని లేచింది.

వరండా పొడుగూతా తన చెప్పుల చప్పుడే. గది ముందు ఆగింది. ఏ దేవుడికి మొక్కాలో కూడా తోచలేదు. గొళ్ళెం తీసి తలుపు లాగింది. సందులోంచి వరండా దీపం ఒక కుర్చీ మీద సన్నగా పడింది. కుర్చీకి రెండు పక్కలా నల్ల డబ్బాలు, మేకుకి వేలాడుతూ పాత హెడ్‌ఫోన్లు.

కూర్చుంది. పాపని మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఎంత నిశ్శబ్దమంటే... తన రక్తం పారే చప్పుడు తనకే వినపడింది.

అప్పుడు, ఎడమ చెవి పక్కనే —

"ఇటు చూడు, బంగారం..."

పాప తల ఎడమవైపు తిరిగింది.

తిరిగింది... కానీ మోకాలు కూడా అదిరింది కదా. పాడు మోకాలు.

ఇంకొకరైతే అక్కణ్ణించి పరుగు లంకించుకునేవారు. ఆమె చెయ్యి చాచి హెడ్‌ఫోన్లు అందుకుంది. పమిట చెంగు చించి, చెవుల్లో గుడ్డ కుక్కుకుని, పైన వాటిని గట్టిగా బిగించుకుంది. పాదాలు రెండూ నేలకి అదిమిపెట్టింది.

"మేడమ్," అంది. తన మాట తనకే వినపడలేదు. "ఇంకొక్కసారి పిలవండి. ఎటునుంచి పిలుస్తారో నాకు తెలియనివ్వకండి... మీ కాళ్ళు పట్టుకుంటాను."

చీకటి. ఏ చప్పుడూ లేదు.

ఎంతసేపో...

పాప వేళ్ళు ఆమె చేతి మీద ఆగిపోయాయి. చిన్న తల ఒక పక్కకి వంగింది. తర్వాత మెల్లగా, మెల్లగా... కుడివైపు తిరిగింది.

కుడి పక్క నల్ల డబ్బాలో దీపం వెలిగింది. కరెంటు లేని గదిలో, దుమ్ము పట్టిన ఎలుగుబంటి బొమ్మ గంతులేసింది. పాప ఒళ్ళంతా కదిలేలా నవ్వింది.

ఆ వెలుతురులో డబ్బా వెనక ఎవరో నిలబడ్డట్టు నీడ. తల్లి తలెత్తి చూడలేదు. కన్నీళ్ళు మెడ దాకా కారుతున్నా తుడుచుకోలేదు. ఏమాత్రం కదిలినా ఇది కూడా లెక్కలోకి రాదని భయం.

పెదవులు మాత్రం కదిపింది.

"ఈసారి... ఇంకొంచెం మెల్లగా పిలవండి, మేడమ్."