ఎండ వాసన దుప్పటి

అక్షరాలు నాకు మనవలు పుట్టాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా జారిపోయి ఉంటాయి, సర్దుకుని చదవండి. రాయడంలో నాది నత్తనడక. ఈ కథ వానల్లో మొదలుపెడితే చలి వచ్చేసింది.

ఆ రోజు కూడా తెల్లవారకముందే వాన పట్టుకుంది. పెద్దావిడ మెలకువ వచ్చి మంచం అవతలి పక్కకి చెయ్యి చాపింది. దుప్పటి తడిగా తగిలింది. ఆయన అప్పటికే లేచి, కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నాడు, వీధిలో ఏదో పోగొట్టుకున్నవాడిలా. ఆవిడ దుప్పటి లాగేసి, పరుపు మీది ప్లాస్టిక్ గుడ్డ తుడిచి, ఉతికిన దుప్పటి పరిచేదాకా ఆయన ఇటు తిరగడు. "టీ పెట్టనా?" అని ఆవిడ అనడమే గుర్తు. అప్పుడు తిరుగుతాడు. ఎండాకాలం నుంచి ఇదే వరస. దాని గురించి ఇద్దరి మధ్యా ఇప్పటికి ఒక్క మాట జరగలేదు.

ఆయన్ని వీధిలో గడియారాలాయన అంటారు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరని ఊపిరి బిగబట్టి అమర్చిన మనిషి. చొక్కా మడత నలిగితే గడప దాటని మనిషి. ఈ వయసులో పక్క తడుపుతున్నాడని కొడుకుకీ కోడలికీ తెలిస్తే ఆయన మళ్ళీ తలెత్తి వాళ్ళతో కూర్చుని టీ తాగలేడు. పెద్దావిడకి అది తెలుసు. అందుకే ఒక అబద్ధం ఆడింది.

అబద్ధం చిన్నదే. "రోజూ ఈ దుప్పట్లు ఉతకడమేంటి అత్తయ్యా?" అని కోడలు మొదట్లో అడిగినప్పుడు, "ఎండ వాసన లేని పక్క మీద నాకు నిద్ర పట్టదమ్మా" అనేసింది. ఆడిన అబద్ధాన్ని మేపాలి కదా. మర్నాటి నుంచి ఎండ గొప్పతనం గురించి ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. ఎండలో ఆరిన బట్ట ఆయుష్షే వేరంది. నీడన ఆరిన గుడ్డ కప్పుకుంటే ఒళ్ళు బరువంది. కింది ఇంటావిడకి చెప్పింది, పాలు తెచ్చేవాడికి చెప్పింది. నిజానికి ఎండలో కాసేపు నిలబడితే ఆవిడకి తల పగిలిపోతుంది. మేడ మీద దుప్పటి ఆరేసి వచ్చి, ఎవరూ చూడకుండా మాత్ర వేసుకునేది. మనవరాలు చిట్టి ఆవిడకి 'ఎండ నాయనమ్మ' అని పేరు పెట్టింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆవిడా నవ్వింది. ముసుగు బాగా కుదిరిందనుకుంది.

ఇంతలో వానలు మొదలయ్యాయి. నమ్ముకున్న సూర్యుడే నట్టేట ముంచాడు.

ఇంట్లో ఈ గోడకీ ఆ గోడకీ తాళ్ళు కట్టారు. హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళాలంటే తడి ప్యాంట్ల కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళాలి. దానికి తోడు పాత వాషింగ్ మిషన్ ఆ వారమే రోడ్డు రోలరులా గర్జించి, నీళ్ళన్నీ వంటింట్లోకి వదిలేసి, చేతులెత్తేసింది. బస్సు నడిపే కొడుకు డ్యూటీ నుంచి వస్తూ షాపు దగ్గర ఆగి వాకబు చేసి వచ్చాడు.

"వాషింగ్ మిషనూ డ్రయ్యరూ జంటగా తీసుకుంటే బాగా తగ్గిస్తారట. ఈ ఆదివారం దాకానే," అన్నాడు టీ ఊదుకుంటూ.

"డ్రయ్యరంటే ఏంటది?" అన్నాడు గడియారాలాయన పేపర్లోంచి తలెత్తకుండా.

"బట్టలు ఆరబెట్టేది మావయ్యా. తడివి లోపల పడేస్తే కాసేపటికి పొడిగా, వెచ్చగా బయటికొస్తాయి," అంది కోడలు. ఆమె పోస్టాఫీసులో కౌంటరు మీద పని చేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక చిట్టి స్కూలు యూనిఫాంని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టడం ఆమెకి రెండో ఉద్యోగమైంది.

పెద్దావిడ చేతిలో గిన్నె ఆగిపోయింది. కాసేపటికే. అంటే తెల్లవారుజామున తడిసింది, ఇల్లు లేచేసరికి ఆరి, మడతపడి, బీరువాలో ఉంటుంది. ఎవరి కంటా పడదు.

"కరెంటు మాత్రం నీళ్ళలా తాగేస్తుందంటున్నారు," అన్నాడు కొడుకు. "మా కండక్టరు వాళ్ళు కొన్నారు. వాడి ఊలు స్వెట్టరు వేస్తే వాళ్ళ పాపకి సరిపోయే సైజులో బయటికొచ్చిందట."

"అయితే ముందు మీ పొట్ట వేసి చూద్దాం," అంది కోడలు.

"నవ్వులాట కాదు. రెండూ కలిపి అంటగడతారు. రేపు ఒకటి చెడిపోతే రెండోదాన్నేం చేసుకోను?"

"ఈ ఆలోచన పెళ్ళప్పుడు రాలేదే మీకు?"

గడియారాలాయన పేపరు వెనక నవ్వాడు. కొడుకు మాత్రం పట్టు వదల్లేదు. "పెట్టేదెక్కడ? నా నెత్తి మీదా?"

"ఒకదాని మీద ఒకటి పెట్టొచ్చు. కొలిచి చూశాను. చెప్పుల స్టాండు జరిపితే పట్టేస్తుంది," అంది కోడలు. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, పగలంతా బట్టలతో కుస్తీ పట్టేది మీరు. మీరు చెప్పండి, కొందామా?"

అందరూ ఆవిడ వైపే చూశారు. 'కొనండమ్మా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలోనే తన అబద్ధం గుర్తొచ్చింది. ఎండ వాసన కోసమే రోజూ ఉతుకుతున్న మనిషి, డ్రయ్యరు చాలంటే ఎలా? అప్పుడు 'మరి రోజూ ఎందుకు' అన్న ప్రశ్న మళ్ళీ లేస్తుంది.

"నాకెందుకమ్మా ఆ పెట్టెలు," అంది గిన్నె కడుగుతూ. "పెట్టెలో ఆరిన గుడ్డా ఒక గుడ్డేనా?"

"ఎండ నాయనమ్మ కదా మరి," అంది చిట్టి.

కోడలి ముఖం చిన్నబోయింది. గడియారాలాయన చదవని పేజీ తిప్పేశాడు.

శనివారం సాయంత్రం కొడుకూ కోడలూ షాపుకి వెళుతూ ఆవిడనీ తీసుకెళ్ళారు. అక్కడి అమ్మాయి డ్రయ్యరు తలుపు తెరిచి, అప్పుడే ఆరిన తువ్వాలు తీసి పెద్దావిడ చేతుల్లో పెట్టింది. వెచ్చగా, చంటిపిల్లలా ఉంది. ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఎంతసేపు అలా ఉందో ఆవిడకే తెలియలేదు.

"నచ్చిందా అత్తయ్యా?" అంది కోడలు మెల్లగా.

ఆవిడ ఉలిక్కిపడి తువ్వాలు తిరిగి ఇచ్చేసింది. "వాసన లేదమ్మా దీనికి."

తిరిగి బస్సెక్కాక కోడలు భర్తతో, "ఒట్టి వాషింగ్ మిషన్ తీసుకుందాం లెండి. అత్తయ్యకి ఇష్టం లేనిది ఇంట్లో పెట్టి ఆవిడ మనసు కష్టపెట్టడం ఎందుకు? నేనే సర్దుకుంటాను," అంది. వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడకి ఆ మాట వినబడింది. కోడలు పోట్లాడి ఉంటే బాగుండేదనిపించింది. మంచితనానికి బదులు చెప్పడం ఎలాగో తెలియక, అద్దం మీద జారుతున్న నీళ్ళు చూస్తూ కూర్చుంది.

ఆదివారం కొడుక్కి పొద్దున డ్యూటీ. తన చొక్కా ఫాను కింద ఆరేసి పడుకున్నాడు. లేచి చూస్తే అది వంటింటి తలుపు మీద ముద్దలా పడుంది. ఫాను కింద దుప్పటి నిండుగా వేలాడుతోంది.

"నా చొక్కా తీసి ఇది వేశావా అమ్మా?"

"దుప్పటి ఆరాలి కదా నాయనా. చొక్కా కొంచెం ఆరిందనుకున్నాను..."

"కొంచెమేంటి, పిండితే నీళ్ళొస్తున్నాయి. వాసన చూడు. ఇది వేసుకుని బస్సు నడిపితే ముందు సీటు వాళ్ళు దిగిపోతారు." గొంతు పెరిగింది. "మొన్న ఉతికావు. నిన్న ఉతికావు. బయట ఎండ పొడ కూడా లేదు. ఎక్కడి ఎండ వాసన కోసం ఉతుకుతున్నావు? పోనీ డ్రయ్యరు కొందామంటే వద్దంటావు."

"ఊరుకోండి. పిల్ల వింటోంది," అంది కోడలు.

"విననీ. ఆవిడ పిచ్చికి ఇల్లంతా తడి గుడ్డలు కట్టుకు తిరగాలా?"

చిట్టి వచ్చి తల్లి వెనక దాక్కుంది. పెద్దావిడ తల దించుకుని కొడుకు చొక్కా చేతిలోకి తీసుకుంది. "అవును నాయనా, పిచ్చే. ఏం చెయ్యను, ముసలిదాన్నయ్యాను. ఇస్త్రీ పెట్టి ఇస్తాను, కాసేపు కూర్చో," అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

గది తలుపు తెరిచే ఉంది. కిటికీ దగ్గర గడియారాలాయన అటు తిరిగి నిలబడి ఉన్నాడు. టీ పెట్టనా అని ఎవరూ అనలేదు. అయినా ఆయన ఇటు తిరిగాడు. గోడ పట్టుకుంటూ హాల్లోకి వచ్చాడు.

"మీ అమ్మకి పిచ్చి లేదురా," అన్నాడు. "ఆ దుప్పటి నాది."

"ఎవరిదైతే ఏంటి నాన్నా..."

"తడిపేది నేను. రోజూ. నాకు తెలియకుండానే అయిపోతోంది."

"ఏమండీ," అంది పెద్దావిడ, ఆపమన్నట్టు.

"నువ్వుండవే. ఇన్నాళ్ళూ నువ్వే మాట్లాడావుగా." ఆయన కొడుకు వైపే చూస్తున్నాడు. "మీ అమ్మకి ఎండంటే పడదు. తలనొప్పి. పెళ్ళైన దగ్గర్నుంచీ గొడుగు లేనిదే బయటికి రాని మనిషి, నా కోసం ఎండ ఎండ అని తిరుగుతోంది. నేను కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడుతున్నాను. దాన్ని పిచ్చిదంటే మాత్రం నేను వినలేనురా."

కొడుకు అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. పైన ఫాను గాలికి దుప్పటి అంచు తండ్రి భుజాన్ని తాకుతూ పోతోంది. కొడుకు లేచి వచ్చి తల్లి చేతిలోంచి చొక్కా తీసుకుని పక్కన పెట్టి, ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నాన్నా," అన్నాడు, "చిన్నప్పుడు నేను ఎన్నాళ్ళు పక్క తడిపాను?"

"బడికెళ్ళాక కూడా."

"నా దుప్పట్లు ఎవరు ఉతికారు?"

"ఇంకెవరు, ఇదే. ఇంటికొచ్చినవాళ్ళతో మంచినీళ్ళ చెంబు ఒలికిందని చెప్పేది. అబద్ధాల్లో దీనిది చెయ్యి తిరిగిన పనితనం."

ఏడుస్తున్న పెద్దావిడకి నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపు ఎక్కువైంది. కోడలు తలుపు వెనక గొడుగు తీసి దులుపుతూ అంది, "మావయ్యా, రేపు డాక్టరు దగ్గరికి. ఇవాళ షాపుకి. జంట ఆఫరు ఇవాళ్టితో ఆఖరు."

"డాక్టరుతో ఏమని చెప్పను తల్లీ?"

"మీరేం చెప్పక్కర్లేదు. నేను చెప్తాను. పోస్టాఫీసులో ఎవరి విషయం వాళ్ళకే వినబడేలా మాట్లాడటం నాకు అలవాటే." తర్వాత అత్తగారి పక్కన కూర్చుని, "షాపులో ఆ తువ్వాలుని చంటిపిల్లలా పట్టుకుని, వాసన లేదన్నారు చూడండి, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నాతోనైనా చెప్పకూడదా అత్తయ్యా?" అంది.

"ఆయన పరువమ్మా. నాది కాదుగా, పంచుకోవడానికి," అంది పెద్దావిడ.

డాక్టరు మందులిచ్చాడు. కొంత మేలు కనబడింది, పూర్తిగా పోలేదు. చెప్పుల స్టాండు జరిపిన చోట మిషన్లు ఒకదాని మీద ఒకటి కుదురుకున్నాయి. గడియారాలాయన కుర్చీ వేసుకుని గుండ్రటి అద్దంలోంచి లోపల తిరుగుతున్న బట్టల్ని చూసి, "మర నిదానంగానే తిరుగుతోంది, పర్లేదు," అని సర్టిఫికెట్ ఇచ్చాడు. కొడుకు ఊలు స్వెట్టరు మాత్రం ఎవరికీ అందకుండా దాచేసుకున్నాడు.

చప్పుడు విని కింది ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. "ఇదేంటమ్మా చోద్యం. మీ అత్తగారికి ఎండ వాసన లేనిదే నిద్ర పట్టదుగా? రోజూ దుప్పట్లు దీన్లో వేస్తున్నారా?"

పెద్దావిడ కోడలి వైపు చూసింది.

"ఆవిడ కోసం కాదండీ, నా కోసం," అంది కోడలు, బట్టలు మడతపెడుతూ, తొణక్కుండా. "నాకే ఈ మధ్య కొత్త జబ్బు. రోజూ ఉతికిన వెచ్చటి దుప్పటి లేనిదే కన్ను మూతపడదు."

"బాగుంది. అత్తకి ఎండ పిచ్చి, కోడలికి వేడి పిచ్చి. ఆ మగాళ్ళు ఎలా వేగుతున్నారో," అంటూ ఆవిడ దిగిపోయింది. సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది. కోడలు నవ్వుతూ అందరి దగ్గరా ఒప్పుకుంది.

మర్నాడు తెల్లవారుజామున కూడా వాన పడుతూనే ఉంది. పెద్దావిడ డ్రయ్యరులోంచి వెచ్చటి దుప్పటి తెచ్చి పరుపు మీద విదిలించింది. అవతలి పక్క అంచులు ఎప్పుడూ తనే చుట్టూ తిరిగి వెళ్ళి లాగాలి. ఆ రోజు తిరిగి వెళ్ళబోతే అక్కడ ఆయన నిలబడి ఉన్నాడు. వంగి, గడియారంలో మర అమర్చినంత జాగ్రత్తగా, రెండు కొసలూ పట్టుకుని సరిచేస్తున్నాడు.

"టీ," అన్నాడు ఆవిడ వైపు చూస్తూ, "నేను పెట్టనా?"

ఇట్లు,
అందరూ 'దొడ్డమ్మ' అని పిలిచే నేను. వయసు డెబ్బై మూడు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, మేడ మెట్ల పక్క గదిలో ఉంటున్నాను.