తాయారు చూపించిన తెర

పొద్దున్నే ఇడ్లీ పాత్ర పొయ్యి మీద నుంచి దించుతూ మంగతాయారు మరిదితో మళ్లీ గొడవ మొదలుపెట్టింది.

"గేముల మానిటర్ తెచ్చి నా నెత్తిన పెడితే ఆల్బమ్ పని నావల్ల కాదు బాబీ. ముందే చెబుతున్నా."

"ఎందుకు కాదు వదినా? దాంట్లోనూ రంగులు కనిపిస్తాయి. నువ్వు చెప్పే ఖరీదైన మానిటర్ ఒక్కదాని డబ్బుకి నావి రెండొస్తాయి. మన దగ్గర గేములో కారు స్పీడుగా నడిపితే బొమ్మ అలుక్కుపోతోందని పిల్లలంతా ఎదురు షాపుకి పోతున్నారు."

"పిల్లలు పోతే మళ్లీ వస్తారు. పెళ్లివాళ్లు పోతే రారు."

తాయారు భర్త కాంతారావు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఇద్దరి మధ్యకీ వచ్చాడు. "ఇక్కడ అరుచుకుని లాభం లేదు. ముగ్గురం బెజవాడ వెళ్దాం. రెండూ పక్కపక్కన పెట్టించి, కళ్లతో చూసి తేల్చుకుందాం."

బందరు కోనేరు సెంటర్ దగ్గర వాళ్లకో చిన్న షాపుంది. ముందు సగంలో బాబీ కంప్యూటర్ గేములు ఆడిస్తాడు. చెక్క అడ్డం అవతల వెనక సగం తాయారుది. భర్త తీసిన పెళ్లి ఫొటోలని ఆమె కంప్యూటర్ మీద ఆల్బమ్ పేజీలుగా పేరుస్తుంది. పెళ్లికూతురి ముఖాన్ని చీర రంగుకి తగ్గట్టు ఎలా తేల్చాలో ఆమెకి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని పేరు. అవనిగడ్డ నుంచి కూడా ఆమె పేజీల కోసం వచ్చేవాళ్లు.

ఏడాదిగా ఆ పేరు చెడుతోంది. మొన్నామధ్య పమిడిముక్కల పెళ్లివారి ఆల్బమ్‌లో పెళ్లికూతురి ముఖం పాచి పట్టినట్టు పచ్చగా వచ్చింది. పిల్ల తండ్రి దాన్ని షాపు బల్ల మీద విసిరికొట్టి, వీధంతా వినేలా తిట్టిపోశాడు. తాయారు తెల్లబోయి నిలబడి, చివరికి, "బాబీ గేముల కోసం నా మానిటర్ సెట్టింగులు మార్చేశాడండీ" అంది. అవమానంతో రగిలిపోతున్న కాంతారావు అందరి ముందూ తమ్ముడి చెంప పగలగొట్టాడు. "నేను ముట్టుకోలేదన్నయ్యా, అమ్మ మీద ఒట్టు!" అన్నాడు బాబీ. ఎవరూ నమ్మలేదు. అప్పటినుంచీ అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆ తర్వాత ఓ ఉరుముల వానలో ఆ మానిటర్ కూడా కాలిపోయింది. ఇప్పుడు కొనగలిగితే రెండిటిలో ఏదో ఒక రకమే కొనాలి.

కూతురు లహరిని పక్కింట్లో వదిలి ముగ్గురూ బస్సెక్కారు. దారి పొడుగునా బాబీ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

బెజవాడ షాపులో సేల్స్‌మన్ ఒకే సైజు మానిటర్లు రెండు పక్కపక్కన పెట్టి, కాంతారావు తెచ్చిన సీడీలోంచి ఒకే ఫొటో రెండిటిలోనూ తెరిచాడు. అదే పమిడిముక్కల పెళ్లికూతురు.

కాంతారావుకి చూడగానే తేడా తెలిసింది. ఎడమవైపు గేముల మానిటర్ తెరలో అమ్మాయి ముఖం పాలిపోయి నీలంగా ఉంది. కుడివైపు తెరలో పట్టుచీర జరీ పోగు పోగునా మెరుస్తోంది. నుదుటి మీద బాసికం కింద చెమట చుక్క కూడా కనబడుతోంది. ఇంక వాదించడానికేముందని బాబీ వంక చూశాడు. బాబీ తల దించుకున్నాడు.

"మేడమ్ గారు చెప్పాలి. మీకు ఏది కావాలండీ?" అన్నాడు సేల్స్‌మన్.

తాయారు కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చుంది. ఒక తెర చూసింది. రెండోది చూసింది. మళ్లీ మొదటిది చూసింది. తర్వాత నవ్వుతూ ఎడమవైపు దాని మీద వేలు పెట్టింది.

"ఇదేనండీ. ఎంత తేడా ఉందో చూశారా! ముఖంలో కళ ఎలా ఉందో!"

"చూశావా అన్నయ్యా! గేముల మానిటరే బాగుందంది వదిన!" బాబీ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. వదిన ముఖం చూశాడు. అన్న ముఖం చూశాడు. వాడి నవ్వు ఆరిపోయింది.

కాంతారావు నెమ్మదిగా వంగి భార్య చెవి దగ్గర అడిగాడు. "తాయారూ, ఆ పిల్ల చీర ఏ రంగు?"

ఆమె వేలు తెర మీదే ఉండిపోయింది.

"ఏం ప్రశ్నండీ అది? ఎరుపు. పెళ్లికూతురి చీరంటే ఎరుపే కదా."

చీర వంగపండు రంగు. ఆ రంగు వెలిసిపోయిందనే పమిడిముక్కల వాళ్లు మరీ గొడవ చేశారు.

కాంతారావు ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. మెట్ల దగ్గర జనం తోసుకుంటూ పోతున్నారు.

"ఎన్నాళ్లనుంచి?"

తాయారు బుకాయించబోయింది. ఇంక దాచి లాభం లేదనుకుంది.

"పోయిన ఏడాదినుంచి. ముఖాల మధ్యలో మసి పూసినట్టుంటోంది. మానిటర్ పాతబడిందనుకున్నా. తర్వాత మీ ముఖంలోనూ అలాగే కనబడింది. పాత పేజీలు ముందు పెట్టుకుని, అలవాటు మీద నెట్టుకొచ్చాను."

"మరి నా మీదెందుకు చెప్పావు వదినా?" వెనకే వచ్చిన బాబీ అడిగాడు. "వీధిలో అందరి ముందూ కొట్టించుకున్నాను. దొంగని చూసినట్టు చూశారు నన్ను!"

"భయపడ్డాను బాబీ. నాకు చూపు లేదని తెలిస్తే ఇంక నాకేముంది? నోటికొచ్చింది అనేశాను. మంచి తెర వస్తే మళ్లీ కనిపిస్తుందేమోనని ఆశపడ్డాను. ఇందాక రెండు తెరలూ చూస్తుంటే గుండె ఆగిపోయింది. రెండిట్లోనూ ఆ అమ్మాయికి ముఖం లేదు."

బాబీ మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి ఆటో పిలిచాడు.

కళ్ల డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, మెత్తగానే చెప్పాడు. "కంటి లోపలి పొర మధ్య భాగం పాడైపోయిందమ్మా. చుట్టుపక్కల చూపు మిగులుతుంది. సూటిగా చూసే చూపు తగ్గుతూనే ఉంటుంది. దీనికి అద్దాలు పనిచెయ్యవు. ఆపరేషన్ లేదు."

"ముందే వస్తే నయమయ్యేదాండీ?" కాంతారావు అడిగాడు.

"అయ్యేది కాదు" అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి గేటు దగ్గర బాబీ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఖరీదైందే కొందాం అన్నయ్యా. వదిన బొమ్మలు పెద్దవి చేసి చూసుకుంటుంది. నేను పక్కన కూర్చుని రంగులు చెబుతాను. నాకు ముందే చెప్పుంటే ఎప్పుడో చెప్పేవాడిని కదా."

వాడు ఏడుస్తున్నాడని తాయారు గొంతుని బట్టి తెలుసుకుంది. తడుముకుంటూ వాడి చెంప దొరకబుచ్చుకుంది.

"నా అబద్ధానికి దెబ్బ నువ్వు తిన్నావు. నువ్వు చెప్పింది కొనుక్కో నాయనా. నాకిప్పుడు ఏ తెరైనా ఒకటే."

గేముల మానిటర్లే కొన్నారు. తిరుగు బస్సులో కాంతారావు తమ్ముడి పక్కన కూర్చుని, "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయాడు.

"వదిలెయ్ అన్నయ్యా. ఇప్పుడు వదిన సంగతి చూద్దాం."

చూడటానికి ఎక్కువేమీ మిగల్లేదు. నాగాయలంక పెళ్లి ఫొటోలు వస్తే, బాబీ పక్కన కూర్చుని రంగులు చెప్పాడు. "లేతాకుపచ్చ వదినా." "ఎలాంటి లేతాకుపచ్చ? చిగురుదా, నారుమడిదా?" బాబీకి రెండిటికీ తేడా తెలియలేదు. నాలుగు పేజీలు కూడా కాకుండానే ఇద్దరూ అలిసిపోయారు. ఆ పని గుడివాడలో మరొకరికి వెళ్లిపోయింది. తర్వాతివీ అక్కడికే వెళ్లాయి. తాయారే చెప్పి చెక్క అడ్డం తీయించేసింది. ఆమె కూర్చునే చోట ఇప్పుడు పిల్లలు కార్ల పందేలు ఆడుతున్నారు. ఎదురు షాపుకి పోయినవాళ్లంతా తిరిగి వచ్చారు.

ఒక సాయంత్రం లహరి స్కూల్లో డాన్సు కోసం ముస్తాబై, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ వచ్చింది.

"అమ్మా, ఎలా ఉన్నాను?"

తాయారు ముఖం కాస్త పక్కకి తిప్పి గోడవైపు చూసింది. అలా చూస్తేనే కంటి కొసలో కూతురు కనిపించింది. లంగా అంచు, పూలజడ, చిన్న గడ్డం. ఆమె ముఖం విప్పారింది.

"నేనిక్కడుంటే అటు చూస్తావేంటమ్మా?" అని లహరి చరచరా నడిచి, తల్లి చూస్తున్న చోటికి వచ్చి ఎదురుగా నిలబడింది. "ఇప్పుడు చూడు!"

గజ్జెల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. పిల్ల ముఖం మసిలోకి వెళ్లిపోయింది.

గుమ్మంలో కాంతారావు, బాబీ కదలకుండా నిలబడి ఉన్నారు.

"కనిపిస్తున్నానా?"

"ఆఁ, చక్కగా కనిపిస్తున్నావు తల్లీ" అంది తాయారు. చూపు తిప్పలేదు. చెయ్యి చాచి, గాలిలో ఒకసారి తప్పి, రెండోసారికి కూతురి జడ పట్టుకుంది.