ఎవరికి మారితివప్పా?

"మారినానప్పా, నిజంగా మారినా. మూడు మ్యాచ్‌లాయె. కోచ్‌కి మాత్రం తెలీకూడదు."

స్టేడియం మెట్ల కింద ఫోన్లో ఈ మాటలన్నవాడు శామ్యూల్. గరుడ బాస్కెట్‌బాల్ జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసే నంద్యాల కుర్రవాడు. మెట్ల మీద ఆగి విన్నది వర్షిణి. ఆ జట్టు ఆట లెక్కలు రాసే ఉద్యోగిని.

మూడు తరాలుగా బెంగళూరు హూడిలో ఉంటున్న వర్షిణి ఇంట్లో, కన్నడంతో కలిసిపోయిన తెలుగులో, పాలు మారుతారు, పూలు మారుతారు, స్థలాలు మారుతారు. మారడమంటే అమ్మడమే. కాబట్టి శామ్యూల్ అమ్మింది మూడు మ్యాచ్‌లని ఆమె నిశ్చయించుకుంది.

ఆమె కాగితాలూ అదే చెప్పాయి. మ్యాచ్‌కు పద్దెనిమిది షాట్లు వేసేవాడు ఏడింటికి దిగాడు. మూడింటిలోనూ జట్టు ఓడింది. పైగా నెల రోజులుగా అతడి చూపు మాటిమాటికీ ఆమె కూర్చునే స్కోరు బల్ల మీద వాలుతోంది. తనకోసమేనని ఆమె లోలోపల మురిసిపోయింది కూడా. చూసింది తనను కాదు, తాను రాసేదాన్నని తోచగానే ఒళ్ళు మండింది.

మర్నాడు అతడే ఎదురొచ్చాడు.

"ఏం మేడమ్, మొగం అట్ల పెట్టినారు?"

"నా మొగం నా ఇష్టం. షాట్లు ఎందుకు తగ్గించినారు?"

"అది సీక్రెట్ మేడమ్."

"సీక్రెట్లు ఉండేవాళ్ళకి జట్టులో ఏం పని?"

"అబ్బ! పోలీస్ స్టేషన్ మాదిరి ఉండారే!" అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక ఆమె ఇక సందేహించలేదు. ఫిర్యాదు రాసి, సంతకం పెట్టి, తనలాగే బెంగళూరు తెలుగు మాట్లాడే కోచ్ గురుమూర్తికి అందజేసింది. నిజమని తేలితే శామ్యూల్ మరి ఏ జట్టులోనూ ఆడలేడని ఆమెకు తెలుసు. సెమీఫైనల్‌కు రెండు రోజులుందనగా ఆయన ఇద్దరినీ పిలిపించాడు.

"ఏమప్పా, నువ్వు మారితివంట. నిజమా?"

శామ్యూల్ చెవులు ఎర్రబడ్డాయి. "మేడమ్‌కి తెలిసిపోయిందా? ఔను సార్. మారినా."

"సిగ్గు లేకుండా ఒప్పుకుంటాండాడే! ఎవరికి మారితివి?"

"ఎవరికంటే… ఈ మేడమ్ కోసమే సార్."

వర్షిణి గిరుక్కున అతడి వైపు తిరిగింది. "నేనెప్పుడు కొంటి?"

"కొనేదేంది మేడమ్? ‘అయిదుగురి ఆట ఒక్కరే ఆడతాండారు, తక్కిన నలుగురూ జాతర చూడను వచ్చినారా’ అని పోయిన నెల మీరే గదా అడిగింది! ఆ పొద్దే గుణం మార్చుకుంటి. బాల్ పాస్ చేస్తాండా. వాళ్ళు మిస్సయితే నేనేం చేసేది? రెండేండ్లు సార్ చెప్తే విననోణ్ణి, మీ ఒక్క మాటకి విన్నానంటే సార్ బాధపడతాడని దాచినా. మా యన్నకి ఒక్కడికే చెప్పినా."

"రెండేండ్లు గొంతు చించుకుంటినే!" అంటూ గురుమూర్తి కూలబడ్డాడు.

వర్షిణి మాత్రం అంత సులభంగా నమ్మే మనిషి కాదు. మూడు మ్యాచ్‌ల వీడియోలూ మొదటినుంచి చూసింది. బుట్ట ఎదుటే నిలిచిన తోటివారికి అతడు నలభై ఒక్క సార్లు బంతి అందించాడు. పడనివే ఎక్కువ. పడని బంతిని అందించినవాడికి ఆమె కాగితంలో గడి లేదు. గడి లేని మంచిని ఆమె నేరంగా రాసింది.

సెమీఫైనల్ ఉదయం, జట్టంతా కూర్చొని ఉండగా, తన తప్పును చదివి వినిపించింది.

"ఇంతమందిలో ఎందుకు మేడమ్?" అని శామ్యూల్ వారించాడు.

"నింద కాగితం మీద వేస్తిని. చెవిలో క్షమాపణ చెప్తే న్యాయమా?"

ఆనాడు ఆఖరి క్షణంలో శామ్యూల్ బంతిని తోటి ఆటగాడు చేతన్‌కు ఇచ్చాడు. అది పడింది, జట్టు ఒక్క పాయింటుతో గెలిచింది.

బయట వాన. గేటు దగ్గర ఒకే గొడుగు కింద ఇద్దరూ నిలబడ్డారు.

"అనుమానం తీరిందా మేడమ్?"

"ఇంకొకటి ఉండాది. ఇదంతా నన్ను మెప్పించనేనా?"

"మొదట అంతే. ఇప్పుడు చేతన్ గాడు బాల్ వేసి ఎగురుతాంటే, నేను వేసినప్పటికన్నా బాగుంటాది. మీరు చూడకపోయినా పాస్ ఇస్తా."

పొగిడివుంటే ఆమె నమ్మేది కాదు. ఇది నమ్మింది.

"ఆదివారం మా ఇంటికి రండి. మా అమ్మ కాత్యాయని, రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆమె ప్రశ్నల ముందు నావి ఏ మూలకు?"

"బెంచీ మీద నిలబెడతాదా ఏంది?"

"సాయంకాలం దాకా."

"నిలబడతా," అన్నాడు శామ్యూల్. ఈసారి నవ్వలేదు.